బెంచ్ మీద కూర్చున్న ఏడాది: జేలెన్ హర్ట్స్ గురించి అలబామా అంతా ఎందుకు వాదించుకుంది?

[తెరపై: 2018 జనవరి 8, అట్లాంటా. స్కోర్‌బోర్డు: జార్జియా 13, అలబామా 0]

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ నేషనల్ ఛాంపియన్‌షిప్ ఫైనల్. హాఫ్‌టైమ్. అలబామా క్వార్టర్‌బ్యాక్ (అంటే జట్టు దాడిని నడిపించేవాడు) జేలెన్ హర్ట్స్ అప్పటిదాకా ఎనిమిది పాసులు వేస్తే తన వాళ్ల చేతికి అందినవి మూడే. వాటితో వచ్చింది 21 గజాలు. విరామం అయ్యాక జట్టంతా మైదానంలోకి దిగింది, హర్ట్స్ మాత్రం సైడ్‌లైన్ దగ్గరే ఆగిపోయాడు. అతని చోట కోచ్ నిక్ సేబన్ టువా టాగొవైలోవా అనే 19 ఏళ్ల కుర్రాణ్ని పంపారు. కాలేజీలో చేరి అదే మొదటి ఏడాది.

పక్కన పెట్టింది ఆషామాషీ ఆటగాణ్ని కాదు. ఆ రాత్రికి ముందు హర్ట్స్ స్టార్టర్‌గా, అంటే మొదటి నుంచే బరిలో దిగే క్వార్టర్‌బ్యాక్‌గా, 27 మ్యాచ్‌లు ఆడి 25 గెలిచాడు.

తర్వాత జరిగింది అలబామాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. టువా స్కోరు సమం చేశాడు, మ్యాచ్ ఓవర్‌టైమ్‌కి వెళ్లింది. జార్జియా మూడు పాయింట్లు కొట్టి ముందుకెళ్లింది. అలబామా వంతు రాగానే మొదటి ప్రయత్నంలోనే టువా దొరికిపోయి 16 గజాలు వెనక్కి పడ్డాడు. అంతా అయిపోయిందనుకున్న చోట, తర్వాతి బంతినే 41 గజాల దూరం విసిరాడు. డెవాంటా స్మిత్ పట్టుకున్నాడు. టచ్‌డౌన్, అంటే బంతి ప్రత్యర్థి గీత దాటింది, ఆరు పాయింట్లు. 26-23. కప్పు అలబామాది.

[తెరపై: సైడ్‌లైన్ దగ్గర గంతులేస్తున్న హర్ట్స్]

ఆ క్షణంలో కెమెరాలు రెండో మనిషిని వెతికాయి. తన స్థానం పోయిన కుర్రాడు మిగతా అందరితో పాటు గంతులేస్తున్నాడు. మ్యాచ్ అయ్యాక మైకు పెడితే, టువా గెలిపించినందుకు సంతోషంగా ఉందన్నాడు. అప్పటికి హర్ట్స్ వయసూ 19 ఏళ్లే.

మర్నాటి నుంచి వాదన మొదలైంది. ఇతని భవిష్యత్తేంటి?

ఈ ఆటకు కొత్తవాళ్ల కోసం ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. ఫుట్‌బాల్ అంటే ఇక్కడ కాళ్లతో ఆడేది కాదు. జట్టు చేసే ప్రతి ప్రయత్నంలోనూ బంతి ముందు క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. విసరాలా, పక్కవాడికి అందించాలా, తనే పరిగెత్తాలా అన్నది రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి, అదీ 130 కిలోల మనుషులు మీదికి దూకుతుండగా. క్రికెట్లో కెప్టెనే ప్రతి బంతీ వేయాల్సి వస్తే ఎంత బరువో, ఇదీ అంతే. మిగతా స్థానాల్లో ఆటగాళ్లను మారుస్తూ ఉంటారు. క్వార్టర్‌బ్యాక్ మాత్రం సాధారణంగా ఒక్కడే. రెండోవాడు టోపీ పెట్టుకుని చూస్తూ నిలబడాల్సిందే.

ఇక టస్కలూసా గురించి. అలబామా యూనివర్సిటీ ఉన్న ఊరు అది. ఊరి జనాభా సుమారు లక్ష. యూనివర్సిటీ స్టేడియంలో పట్టేదీ దాదాపు లక్ష మందే. ఇలాంటి ఊళ్లలో ఎమ్మెస్ చేసిన మనవాళ్లనెవరినైనా అడగండి, ఆట ఉన్న శనివారం కారు బయటికి తీయడం ఎంత దండగో చెప్తారు. రాష్ట్రంలో పెద్ద ప్రొఫెషనల్ జట్టు లేదు. అందుకే 19 ఏళ్ల విద్యార్థి గురించి రేడియోల్లో గంటల తరబడి చర్చ నడవడం అక్కడ మామూలు విషయం.

[తెరపై: 2016 సెప్టెంబర్ 3, అలబామా వర్సెస్ సదరన్ కాలిఫోర్నియా]

హర్ట్స్ తండ్రి ఎవేరియన్ హర్ట్స్ హ్యూస్టన్ పక్కన ఛానెల్‌వ్యూ అనే చోట హైస్కూల్ ఫుట్‌బాల్ కోచ్. కొడుకు ఆయన దగ్గరే ఆడి పెరిగాడు. 2016లో అలబామా తరఫున మైదానంలోకి వచ్చిన మొదటి ప్రయత్నంలోనే బంతి జారవిడిచాడు. ఇంకొకడైతే టెన్షన్‌తో బిగుసుకుపోయేవాడు. ఇతను అదే మ్యాచ్‌లో నాలుగు టచ్‌డౌన్లలో చెయ్యి వేశాడు, 52-6తో గెలిచారు. ఆ మ్యాచ్‌లో స్టార్టర్‌గా దిగిన బ్లేక్ బార్నెట్ నెల తిరగకుండానే జట్టు వదిలేసి వెళ్లిపోయాడు. గుర్తుంచుకోండి, మొదట ఇంకొకరి కుర్చీలో కూర్చున్నది హర్ట్సే.

ఆ సీజన్ చివర్లో నేషనల్ ఫైనల్, క్లెమ్సన్ మీద. రెండు నిమిషాలు మిగిలి ఉండగా హర్ట్స్ 30 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేసి అలబామాను ముందు పెట్టాడు. ఒక్క సెకను మిగిలి ఉండగా క్లెమ్సన్ లాగేసుకుంది, 35-31. ఆ మ్యాచ్ అలబామా గెలిచి ఉంటే, ఏడాది తర్వాత హాఫ్‌టైమ్‌లో అతన్ని కూర్చోబెట్టడం సేబన్‌కి అంత తేలికయ్యేది కాదని నా అనుమానం.

సరే, 2018కి వద్దాం. అభిమానుల వాదన ఎన్నో పాయల్లో నడిచింది. ఒక వర్గం, వెంటనే వేరే కాలేజీకి వెళ్లిపో, ఇక్కడుంటే నీ జీవితం పాడైపోతుంది అంది. ఇంకో వర్గం, ఇతను పరిగెత్తగలడు గానీ విసరలేడు, వేరే పొజిషన్‌కి మారితేనే ప్రొఫెషనల్ లీగులో చోటు దొరుకుతుంది అంది. ఆ విమర్శలో కొంత నిజం ఉంది. 2017లో అతను వేసిన పాసుల్లో 60 శాతమే చేరాయి. అయితే సీజన్ మొత్తంలో ప్రత్యర్థికి దొరికిన పాసు ఒక్కటే. రిస్కు తీసుకోడు, అందుకే పొరపాట్లు లేవు, అందుకే ఎక్కువ గజాలూ లేవు. అతని ఆటలో అసలు సమస్య అదీ.

మూడో వర్గం, అందరికన్నా పెద్దది, అతని మెచ్యూరిటీని పొగిడింది. ఎంత ఒదిగి ఉన్నాడో చూడండి, నోరు మెదపలేదు, మా పిల్లలు ఇలా ఉండాలి అని. నాకు చిరాకు తెప్పించేది ఈ మూడోదే. ఎందుకో చెప్తాను.

ముందు నిబంధనలు. అప్పట్లో డిగ్రీ పూర్తికాకుండా ఒక పెద్ద ఫుట్‌బాల్ కాలేజీ నుంచి ఇంకో పెద్ద కాలేజీకి మారితే, మామూలుగా ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. డిగ్రీ చేతికొచ్చాక మారితే ఆ శిక్ష లేదు, వెళ్లిన ఏడాదే ఆడొచ్చు. హర్ట్స్ 2016 జనవరిలోనే కాలేజీలో చేరాడు, చదువు వేగంగా నడుస్తోంది, 2018 డిసెంబర్‌కి డిగ్రీ అయిపోతుంది. లెక్క వేసుకోండి. జనవరిలో వెళ్లిపోతే 2018 అంతా అక్కడ ఖాళీగా కూర్చోవాలి. ఉంటే డిగ్రీ వస్తుంది, ఛాన్స్ వస్తే ఆట కూడా దొరుకుతుంది, 2019లో దర్జాగా వెళ్లొచ్చు. అభిమానులు విధేయత అని మెచ్చుకున్న దాంట్లో ఈ లెక్క కూడా ఉండే ఉంటుంది. ఉంటే తప్పేంటి? కోచ్ కొడుకు, ఆ మాత్రం లెక్క రాదా?

ఇంకో మెలిక. కాలేజీ ఆటగాడికి ఐదేళ్ల గడువులో నాలుగు సీజన్లు ఆడే హక్కు ఉంటుంది. ఆడని ఏడాదిని రెడ్‌షర్ట్ అంటారు, అది లెక్కలోకి రాదు. 2018లో కొత్త నిబంధన వచ్చింది: నాలుగు మ్యాచ్‌ల వరకు ఆడినా రెడ్‌షర్ట్ పోదు, ఐదో మ్యాచ్‌లో దిగితే పోతుంది. ఇంకేం, అలబామా అంతా వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నాలుగు ఆడి సర్దేస్తాడా? ఐదోది ఆడతాడా?

[తెరపై: 2018 ఆగస్టు, విలేకరుల మధ్య హర్ట్స్]

ఈలోగా ఒక సంఘటన. అంతకుముందే వాళ్ల నాన్న, స్టార్టర్‌గా ఆడించకపోతే కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలోనే అతిపెద్ద ఫ్రీ ఏజెంట్ (ఏ జట్టుకైనా వెళ్లగల ఆటగాడు) అవుతాడని ఒక ఇంటర్వ్యూలో అనేశారు. పెద్ద దుమారం. కొడుకు మాత్రం నెలల తరబడి మాట్లాడలేదు. అలబామాలో ఎవరు మీడియాతో మాట్లాడాలో కోచే నిర్ణయిస్తారు, ఆ ఒద్దికలో ఎంత వంతు నిబంధనలదో అభిమానులకు పట్టలేదు. ఆగస్టు మొదట్లో అతన్ని మైకు ముందు నిలబెట్టారు. అప్పుడు హర్ట్స్ చెప్పిన దాని సారాంశం ఇది: వసంతకాలం ప్రాక్టీసంతా గడిచిపోయింది, నువ్వెలా ఉన్నావు, నీకేమనిపిస్తోంది అని నన్ను ఎవరూ అడగలేదు, కోచ్‌లతో సహా. నా భవిష్యత్తు గురించి అందరూ మాట్లాడుతున్నారు, నేను తప్ప.

గొంతు పెంచలేదు. టువా గురించి ఒక్క చెడ్డమాట అనలేదు. కోచ్‌ని తిట్టలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడంతే. నా దృష్టిలో ఆ ఏడాది మొత్తంలో అతని ఎదుగుదల బాగా కనిపించిన రోజు అదే. జనవరిలో గంతులేయడం మంచి పెంపకం అనుకోవచ్చు. కానీ దేశంలో అందరికన్నా పెద్ద కోచ్ దగ్గర ఉంటూ, ఆయన మనుషులు నన్ను పట్టించుకోలేదని మర్యాదగా చెప్పి, మర్నాడు మళ్లీ ప్రాక్టీసుకు రావడం వేరే సంగతి. అయితే నిన్నటిదాకా చేతులెత్తి దండం పెట్టినవాళ్లలో కొందరికి అది నచ్చలేదు. ఇంటి గుట్టు బయట పెడతాడా అన్నారు. నోరు మూసుకుని ఉన్నంతసేపే మెచ్యూరిటీ అన్నమాట!

సీజన్ మొదలైంది, టువా స్టార్టర్, దుమ్ము రేపుతున్నాడు. మొదటి మ్యాచ్ గెలిచాక కూడా ఇద్దరిలో ఎవరు అని అడిగిన ఈఎస్‌పీఎన్ విలేకరి మీద సేబన్ టీవీలోనే విరుచుకుపడ్డారు, తర్వాత క్షమాపణ చెప్పారు. 67 ఏళ్లకు దగ్గర్లో ఉన్న కోచ్ సహనం కోల్పోయిన విషయంలో 20 ఏళ్ల కుర్రాడు నిలకడగా ఉన్నాడని కూడా గమనించాలి.

సెప్టెంబర్ 29. ఐదో మ్యాచ్, లూయిసియానా జట్టు మీద. హర్ట్స్ దిగాడు. దిగాడంటే రెడ్‌షర్ట్ వదులుకున్నట్టే, ఈ ఏడాది ఇక్కడే అన్నట్టే. ఆ సంగతి తెలిసిన స్టేడియం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

[తెరపై: 2018 డిసెంబర్ 1, అదే అట్లాంటా స్టేడియం]

ఎస్ఈసీ, అంటే అలబామా ఆడే కాలేజీల లీగు, దాని ఛాంపియన్‌షిప్. ప్రత్యర్థి మళ్లీ జార్జియా. స్టేడియం కూడా జనవరిలో అతన్ని కూర్చోబెట్టిన స్టేడియమే. రాసి తెస్తే మరీ సినిమాటిక్‌గా ఉందని కొట్టిపారేస్తారు. నాలుగో క్వార్టర్‌లో అలబామా 21-28తో వెనకబడి ఉండగా టువా చీలమండకు దెబ్బ తగిలింది. 11 నిమిషాల పైచిలుకు ఆట మిగిలింది. హర్ట్స్ హెల్మెట్ పెట్టుకున్నాడు.

తొమ్మిది పాసులు వేశాడు, ఏడు చేరాయి. జెర్రీ జ్యూడీకి 10 గజాల టచ్‌డౌన్ పాస్ వేసి స్కోరు సమం చేశాడు. ఆ డ్రైవ్‌ని, అంటే బంతిని గీత దాకా తీసుకెళ్లిన ఆ వరుస ప్రయత్నాలని, నింపాదిగా చూడండి. 2017లో ఇతను ఒత్తిడి రాగానే బంతి పట్టుకుని పరుగు లంకించుకునేవాడు. ఇక్కడ కాళ్లు కదులుతున్నా కళ్లు మాత్రం మైదానం మీదే ఉన్నాయి, మొదటివాడు దొరక్కపోతే రెండోవాణ్ని వెతుకుతున్నాడు. ఆడకుండా కూర్చున్న నెలల్లో నేర్చుకున్నది ఇదే. చివరికి నిమిషం నాలుగు సెకన్లు మిగిలి ఉండగా తనే 15 గజాలు పరిగెత్తాడు. 35-28. టీవీలో మాట్లాడుతుంటే సేబన్ గొంతు బొంగురుపోయింది. ఆయన అలా మాట్లాడటం అరుదు.

[తెరపై: ఓక్లహోమా జెర్సీలో హర్ట్స్]

డిసెంబర్‌లో డిగ్రీ. 2019 జనవరిలో ఓక్లహోమాకు వెళ్తున్నానని ప్రకటించాడు. అక్కడ 3,851 గజాల పాసింగ్, 32 టచ్‌డౌన్ పాసులు, పరుగులో మరో 1,298 గజాలు. దాదాపు 70 శాతం పాసులు చేరాయి. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏడాది అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఓటింగ్‌లో రెండో స్థానం. మొదటి స్థానం జో బరోది, అతనూ వేరే కాలేజీలో చోటు దొరక్క మారినవాడే. ఆ బరో జట్టు ఎల్ఎస్‌యూ చేతిలోనే ఓక్లహోమా సెమీఫైనల్లో 63-28తో చిత్తయింది, అది వేరే కథ.

విసరలేడు అన్న వర్గం అప్పటికీ నోరు మూయలేదు. ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే 2020 డ్రాఫ్ట్‌లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ 53వ స్థానంలో ఎంచుకుంటే ఆ ఊరి అభిమానులే పెదవి విరిచారు, అప్పటికే భారీ ఒప్పందంతో క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ ఉన్నాడుగా అని. 2025 ఫిబ్రవరి 9న అదే జట్టు 40-22తో సూపర్ బౌల్, అంటే ప్రొఫెషనల్ లీగు ఫైనల్, గెలిచింది. ఫైనల్లో అత్యుత్తమ ఆటగాడు హర్ట్స్.

దీన్ని చూపించి, చూశారా, ఓపిక పడితే ఇలా ఉంటుంది అనేవాళ్లు బోలెడు మంది. నాకు అది ఒప్పుకోబుద్ధి కాదు. హర్ట్స్ ఓపిక పట్టాడు నిజమే, కానీ సమయం చూసుకుని వెళ్లిపోయాడు కూడా. వెళ్లకపోతే టువా వెనకాల ఇంకో ఏడాది నిలబడేవాడు.

ఇప్పుడు నిబంధనలే మారిపోయాయి. 2021 నుంచి ఒక ఏడాది కూర్చోకుండానే మారే వీలు వచ్చింది, అదే ఏడాది జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనలతో సంపాదించుకోవచ్చు, 2025 నుంచి కాలేజీలే నేరుగా డబ్బులిస్తున్నాయి. ఇవాళ అలాంటి హాఫ్‌టైమ్ జరిగితే, జట్టు ఊరు చేరేలోపే ఫోన్లు మోగుతాయి. అభిమానుల వాదన మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. టెక్సస్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మానింగ్‌ని చూడండి. 2023, 2024 సీజన్లలో క్విన్ యూయర్స్ వెనకాల నిలబడ్డాడు, వేరే కాలేజీకి పోలేదు. అప్పుడంతా ఆహా, ఏం ఓపిక అన్నారు. 2025లో మొదటి మ్యాచ్‌లోనే ఒహాయో స్టేట్ చేతిలో టెక్సస్ 14-7తో ఓడేసరికి, రెండేళ్లు ఆడకుండా కూర్చుంటే అనుభవం ఎక్కణ్నుంచి వస్తుంది అని మొదలుపెట్టారు.