బ్లేడుతో కోసిన పటం

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలందరికీ పేరుపేరునా నమస్కారాలు చెప్పినట్టే అనుకోండి. నాకిచ్చింది పది నిమిషాలు. ఒక్క పుస్తకం గురించే చెబుతాను.

1598లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. రాసినవాడు గెరిట్ డె వీర్. ఉత్తర సముద్రాల మీదుగా చైనాకు దారి వెతుకుతూ బయల్దేరిన విల్లెం బారెంట్స్ బృందంలో ఇతనూ ఒకడు. 1596లో రష్యాకు ఉత్తరాన ఉన్న నోవాయా జెమ్ల్యా దీవుల దగ్గర ఓడ మంచులో ఇరుక్కుపోయింది. పదిహేడు మంది కొట్టుకొచ్చిన దుంగలతో ఇల్లు కట్టుకుని చలికాలమంతా అందులోనే ఉన్నారు. పన్నెండు మందే తిరిగొచ్చారు. బారెంట్స్ దారిలోనే పోయాడు.

జనవరి 24న సూర్యుడి అంచు కనిపించిందని డె వీర్ రాశాడు. చలికాలంలో సూర్యుడే కనిపించని ఆ ఉత్తరాన, లెక్క ప్రకారం ఇంకా రెండు వారాలు కనిపించకూడదు. బారెంట్సే నమ్మలేదు. పుస్తకం వచ్చాక పండితులూ తప్పుపట్టారు. డె వీర్ మాత్రం చూసింది చూసినట్టే ఉంచాడు. చల్లటి గాలి పొరల్లో వెలుగు వంగి, దిగంతం కింద ఉన్న సూర్యుణ్ణి పైకి చూపిస్తుందని తర్వాతి కాలంలో తేలింది. అతను చూసింది నిజమే! ఆ పేజీ మిగిలింది కాబట్టే మనకు తెలిసింది.

నేను చదివింది 1853లో, పాత యాత్రా కథనాలు అచ్చువేసే హాక్లూట్ సొసైటీ వేసిన ఇంగ్లీషు ప్రతి. కొత్తగా ఉద్యోగంలో చేరిన లైబ్రరీలో, అట్ట ఊడిపోయి ఉంది. ఆత్రంగా పటం కోసం తిప్పితే అక్కడ సన్నటి కాగితం అంచు మాత్రమే ఉంది. ఎవరో బ్లేడుతో కోసేశారు. రెండేళ్లకు ఆ పుస్తకాన్నే తూకానికి అమ్మేశారు. నేను సెలవులో ఉన్నాను. ఉంటే ఆపేవాణ్ణి. అమ్మా, అయ్యా, ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

పోనీ, మళ్లీ విషయానికొస్తాను. కాదు, ఇదే విషయం. 1871లో కార్ల్‌సెన్ అనే నార్వే నావికుడికి ఆ ఇల్లు దొరికింది. చైనాలో అమ్ముదామని బారెంట్స్ బృందం తీసుకెళ్లిన అచ్చు బొమ్మల కట్ట అందులో గడ్డకట్టి, ముద్దగా ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం వాళ్లు దాన్ని పొరపొరగా విడదీశారు. మనుషులెవరూ లేని చోట 270 ఏళ్లకు పైగా నిలిచిన కాగితం అది. మనుషులున్న చోట నా పుస్తకం నిలవలేదు.

ఈ భవనంలోనే మెట్ల కింద తాళం వేసిన బీరువా ఒకటుంది. లోపల ఏముందో ఇక్కడున్న ఎవరికైనా తెలుసా? కార్యదర్శి గారూ, సభ అయ్యాక తాళంచెవి తెప్పించండి. దుమ్ము దులిపే గుడ్డ నేను తెచ్చుకున్నాను.