ఇంట్లో చేసుకునే సీఎన్‌సీకి స్టెప్పర్ డ్రైవ్ ఎంచుకోవడం (రావులపాలెంలో మాట్లాడింది)

అందరికీ నమస్కారమండి. ముందు వరసలో మా వడ్రంగం మేస్త్రులున్నారు, వెనకాల పాలిటెక్నిక్ పిల్లలున్నారు, అందరికీ అర్థమయ్యేలా చెప్పాలని నా ఆశ, ఎక్కడైనా తికమకగా అనిపిస్తే మధ్యలోనే ఆపి అడిగేయండి.

ముందు ఒక్క సంగతి చెప్తాను. మా నాన్నగారు టేకు తలుపులు చెక్కేవారండి. నేను సొంతంగా కట్టుకున్న సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే మెషిన్ మీద మొదటి పెద్ద పని సింహద్వారం తలుపు, మధ్యలో నెమలి. ఆరు గంటలు బాగానే నడిచింది, రఫింగ్ అయిపోయింది, ఫినిషింగ్‌లో తోక సగం వచ్చేసింది, నేనలా టీ తాగొచ్చేసరికి మిగతా ఈకలన్నీ నాలుగు మిల్లీమీటర్లు పక్కకి జరిగిపోయి ఉన్నాయి. మెషిన్ ఆగలేదు, ఎర్రలైటు వెలగలేదు, దాని మానాన అది చెక్కుకుంటూ పోతోంది. నాన్నగారు వచ్చి ఆ మెట్టుని బొటనవేలితో తడిమి చూసి "చెక్క మంచిదిరా" అన్నారు, ఇంకేం అనలేదు. ఆ తలుపు కోసమే నేనీ డ్రైవ్‌ల సంగతి, అంటే మోటార్‌కి కరెంటు ఇచ్చి తిప్పే బోర్డుల సంగతి పట్టుకుని కూర్చున్నానండి.

మామూలు స్టెప్పర్‌లో, అంటే చిన్న చిన్న స్టెప్పులుగా తిరిగే మోటార్‌లో వచ్చే చిక్కే అది. కంట్రోలర్ తిరగమని పల్సులు పంపుతుంది, మోటార్ నిజంగా తిరిగిందా లేదా దానికి తెలీదు. నా మోటార్ మంచిదే, నీమా 23 సైజు, 3 ఆంప్స్, కాయిల్ ఇండక్టెన్స్, అంటే కరెంటు ఎక్కడానికి కాయిల్ చూపే అడ్డు, 3.2 మిల్లీహెన్రీలు. డ్రైవ్ మీద 4 ఆంప్స్ అని ఉంది కదా చాల్లే అనుకుని 24 వోల్టుల ఎస్ఎంపీఎస్ పవర్ సప్లై పెట్టేశాను. తప్పంతా అక్కడే జరిగింది.

మనకి బాగా తెలిసిన విషయంతో చెప్తాను. దాళ్వాలో వంతులవారీ నీళ్ళిస్తారు కదండి. కాలవలో మట్టం బాగుంటే మన వంతు అయ్యేలోపు శివారు పొలం దాకా నీరు ఎక్కేస్తుంది, మట్టం తక్కువుంటే బోదెలో నీరు సగం దూరం వెళ్ళేసరికి తూము మూసేస్తారు. మోటార్ కాయిల్ కూడా శివారు పొలం లాంటిదే. ఒక్కో స్టెప్పు ఒక్కో వంతు, వోల్టేజీ కాలవలో మట్టం. స్పీడు పెరిగేకొద్దీ వంతు చిన్నదైపోతుంది.

లెక్క చూడండి. 5 మి.మీ. లీడ్, అంటే చుట్టుకి 5 మి.మీ. జరిపే బాల్ స్క్రూ మీద నిమిషానికి 3000 మి.మీ. పరిగెత్తాలంటే 600 ఆర్‌పీఎం, సెకనుకి 10 చుట్లు, చుట్టుకి 200 స్టెప్పులు, అంటే ఒక్కో స్టెప్పుకి దొరికేది 0.5 మిల్లీసెకను. ఆ కాయిల్లో 3 ఆంప్స్ ఎక్కడానికి 24 వోల్టులతో సుమారు 0.4 మిల్లీసెకను పడుతుంది, పైగా తిరిగే మోటార్ పుట్టించే ఎదురు వోల్టేజీ ఇంకొంచెం తినేస్తుంది, ఇక బలం ఎక్కడుంటుందండి? అదే 48 అయితే సగం టైములో ఎక్కేస్తుంది. డ్రైవ్‌లు చేసే గెకోడ్రైవ్ వాళ్ళ నుంచి అందరూ వాడే లెక్క ఒకటుంది, ఇండక్టెన్స్ మిల్లీహెన్రీల్లో తీసుకుని దాని వర్గమూలాన్ని 32తో గుణిస్తే ఆ మోటార్‌కి ఇవ్వదగ్గ గరిష్ఠ వోల్టేజీ వస్తుంది. నా మోటార్‌కి 57 దాకా వచ్చింది, నేనిచ్చింది 24.

అందుకని షాపులో ఆంప్స్ ఒక్కటే అడగొద్దు, ఎన్ని వోల్టులు ఓర్చుకుంటుందో అడగండి. డీఎం542 రకం డ్రైవ్‌కి హద్దు 50 వోల్టులు, దాని మీద నేను 36 పెడతాను, 48 పెట్టను, ఎందుకంటే బరువైన గ్యాంట్రీ, అంటే కట్టర్‌ని మోసే అడ్డదూలం, ఒక్కసారి ఆగినప్పుడు మోటార్ జనరేటర్‌లా మారి వోల్టేజీని వెనక్కి తోస్తుంది. 48 కావాలంటే 80 దాకా ఓర్చుకునేది కొనుక్కోండి, నేను చివరికి అదే చేశాను. టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్ వాడేవాళ్ళు మరీ జాగ్రత్తండి, 30 వోల్టుల ఏసీ రెక్టిఫై చేస్తే 42 డీసీ అవుతుంది, మన ఊళ్ళల్లో చెరువుల ఏరియేటర్లన్నీ ఆగిన టైములో 230 ఉండాల్సిన లైను 255కి ఎక్కితే అదే 47 అయిపోతుంది.

కరెంటు సెట్టింగులో ఇంకో మోసం ఉంది. మోటార్ మీద రాసేది మామూలుగా ఆర్ఎంఎస్, అంటే సగటు లాంటి విలువ, డ్రైవ్ మీద పెద్దక్షరాల్లో రాసేది పీక్, అంటే కరెంటు ఎక్కే గరిష్ఠం. డీఎం542లో 4.2 పీక్ అంటే 3 ఆర్ఎంఎస్, కరెంటు సెట్ చేసే డిప్ స్విచ్‌లు పెట్టేముందు డ్రైవ్ పట్టికలో ఆ రెండు గడులూ చూసుకోండి.

మైక్రోస్టెప్, అంటే ఒక్కో స్టెప్పుని ఇంకా చిన్న ముక్కలు చేయడం, ఎంత ఎక్కువ పెడితే అంత నునుపు అని పిల్లలు 1/32 పెట్టేస్తుంటారు. నా స్క్రూకి 1/8 పెడితే మి.మీ.కి 320 పల్సులు, 3000 స్పీడులో సెకనుకి 16,000. 1/16 పెడితే 32,000, ఆర్డునో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు మీద నడిచే జీఆర్‌బీఎల్ ప్రోగ్రాము మోసేది 30,000 దాకానే. నాకైతే 1/8 చాలు.

ఏ4988 లాంటి చిన్న డ్రైవ్ బోర్డులు నీమా 17కి, 3డీ ప్రింటర్‌కి సరే, టేకు చెక్కేవాటికి వద్దండి. కరెంటు ఉండగా మోటార్ వైరు మాత్రం ఎప్పుడూ లాగొద్దు, డ్రైవ్ అక్కడికక్కడే పోతుంది.

మరి సరిపోయిందో లేదో తెలిసేదెలా? స్టెప్పర్ తప్పితే నాలుగేసి పూర్తి స్టెప్పుల చొప్పున తప్పుతుంది. ఈ స్క్రూ మీద అది 0.1 మి.మీ., చెక్క మీద కంటికి ఆనదు. కానీ మోటార్‌ని స్క్రూకి కలిపే 25 మి.మీ. వ్యాసం కప్లింగ్ మీద గీసిన గీత ఒకటిన్నర మి.మీ. జరుగుతుంది, అది కనపడి తీరుతుంది. కప్లింగ్ నుంచి బేరింగ్ బ్లాక్ మీదకి కలిపి సన్నగా గీత గీసి, మీరు వాడే స్పీడు కంటే పావు వంతు ఎక్కువ పెట్టి ఇరవై సార్లు అటూ ఇటూ తిప్పి మొదటికి తేవాలి. సరిగ్గా చుట్టు లెక్కన తప్పితే గీత మళ్ళీ కలిసిపోతుంది కాబట్టి పక్కన స్కేలు కూడా పెట్టుకోండి.

మెషిన్ ఇక్కడే ఉందండి, మూడు యాక్సిస్‌లూ చూద్దాం. మేస్త్రిగారూ, మీ చెవి మీదున్న పెన్సిల్ ఒకసారి ఇలా ఇవ్వండి.