దూరపు చుట్టాలు: ఫిలిపినో, మార్షలీస్

అందరికీ నమస్కారం.

ఫిలిపీన్స్ అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చేది ఎంబీబీఎస్ సీటు. అక్కడ చదివే మన పిల్లలకు పేషెంట్లతో మాట్లాడడానికైనా అక్కడి భాష కాస్త రావాలి. దానికి తూర్పున, పసిఫిక్ నడిమధ్యన ఉన్న మార్షల్ దీవుల భాష పేరు మాత్రం మనలో చాలామంది విని ఉండరు. 2021 లెక్కల్లో అక్కడి జనాభా 42 వేల పైచిలుకే మరి.

రెండూ ఆస్ట్రోనేషియన్ అనే భాషా కుటుంబానివే. టగాలోగ్ అనే అక్కడి భాష పునాదిగా ఎదిగిన ఫిలిపినోను 1987 రాజ్యాంగం జాతీయ భాషగా ప్రకటించింది. మార్షలీస్‌ది అదే కుటుంబంలోని ఓషియానిక్ శాఖ. ఈ చుట్టరికం చెవికి అందదు, పదాలు పక్కపక్కన పెట్టి చూడాలి. కన్నును ఫిలిపినోలో మతా అంటారు, మార్షలీస్‌లో మ్యాజ్. ఆకాశం ఫిలిపినోలో లాంగిత్ అయితే మార్షలీస్‌లో లాంగ్. కొబ్బరి అక్కడ నియోగ్ అయితే ఇక్కడ ఉత్త నీ. మార్షలీస్ పదాల తోకలు కత్తిరించేసింది, చాలాచోట్ల పాత తకారాన్ని జకారం చేసింది. అందుకే ఫిలిపినో తత్లో, మార్షలీస్ జిలు రెండింటి అర్థమూ 'మూడు' అనే అంకెే.

నన్ను బాగా ఆకట్టుకున్నవి మార్షలీస్ అచ్చులు. మన 'చాప'లో చకారం వేరు, 'చిలక'లో వేరు. పక్కనున్న అచ్చే దాన్ని మారుస్తుంది. మార్షలీస్‌లో ఇది తిరగబడుతుంది. నాలుక ఎంత ఎత్తుకు లేవాలన్నదొక్కటే అచ్చు చేతిలో ఉంటుంది. ముందుకు జరగాలా, వెనక్కి పోవాలా, పెదవులు గుండ్రంగా చుట్టాలా అన్నది ఇరుపక్కల హల్లులు తేలుస్తాయి. భాషాశాస్త్రవేత్త బైరన్ బెండర్ 1968లో దీన్ని వివరించాడు. కాబట్టి నేను పలికిన మ్యాజ్ కూడా ఉజ్జాయింపే!

అరువు మాటల దగ్గర ఎవరి చరిత్ర వారిది. ఫిలిపినోలో బల్లకు స్పానిష్ మాట మేసా, మార్షలీస్‌లో బేస్‌బాల్‌కు జపనీస్ మాట.

మనం, మేము తేడా రెండింటిలోనూ ఉంది: తాయో, కామి అక్కడ, కోజ్, కోమ్ ఇక్కడ. ఇంగ్లీషువాళ్లు తికమకపడే ఈ చోట మనకు టెన్షన్ లేదు.

ఫిలిపినో తన నేర్పంతా క్రియలో చూపిస్తుంది. తినడం కాయిన్. మధ్యలో చిన్న ముక్క దూరిస్తే కుమాయిన్, అప్పుడు మాట తిన్నవాడి మీద నిలుస్తుంది. కినాయిన్ అంటే తిన్న పదార్థం మీద. మార్షలీస్ నేర్పు 'నా' అనే మాటలో ఉంది. తిండికి ఒక 'నా', తాగేదానికి ఇంకోటి, పడవకు మరోటి. కోడిని నాది అనాలన్నా ముందు దాని గతేమిటో తేల్చుకోవాలి: కూరకైతే కిజో, పెంపకానికైతే నేజు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.