షైలాక్ అనే ముందు

శ్రోతలకు నమస్కారం.

అధిక వడ్డీలతో జనాన్ని పీల్చి పిప్పిచేసేవాణ్ణి ఏమనాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు, చదువుకున్నవారి నోట, రాసేవారి కలం మీద చాలా సులువుగా వచ్చే మాట ఒకటుంది. ఆ మాట షైలాక్. 2015 డిసెంబరులో విజయవాడ కాల్ మనీ వ్యవహారం బయటపడ్డప్పుడు గానీ, ఏ పల్లెలోనైనా అప్పులవాళ్ల ఒత్తిడికి ఒక కుటుంబం చితికిపోయినప్పుడు గానీ, ‘అభినవ షైలాకులు’ వంటి పలుకుబడి మన చెవులకు కొత్త కాదు. ఆ మాట వాడేవారికి ఎవరి మీదా ద్వేషం ఉండదని నేను నమ్ముతున్నాను. అయినా దాన్ని కొంచెం ఆగి వాడాలని, వీలైతే మానేయాలని ఈ పది నిమిషాల్లో మీకు చెప్పాలనుకుంటున్నాను.

షైలాక్ ఎవరో మీకు తెలుసు. షేక్స్పియర్ సుమారు 1596, 97 ప్రాంతంలో రాసిన ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ నాటకంలోని యూదు వడ్డీ వ్యాపారి. మనలో చాలామందికి బడిలో తెలిసింది కోర్టు ఘట్టం ఒక్కటే: చేతిలో కత్తి, పక్కన త్రాసు, పౌండు మాంసం కోసం పట్టు. కానీ నాకు అంతకన్నా ఇష్టమైన ఘట్టం మొదటి అంకంలో ఉంది. అప్పు అడగడానికి వచ్చిన ఘట్టం. దాన్ని నెమ్మదిగా చెప్పనివ్వండి.

బస్సానియో అనే యువకుడికి మూడు వేల డకాట్లు, అంటే ఆనాటి బంగారు నాణేలు, కావాలి. హామీగా నిలబడేది అతని మిత్రుడు ఆంటోనియో, వెనిస్ నగరంలో పేరున్న వర్తకుడు. ఆంటోనియో సొమ్మంతా సముద్రం మీద ఓడల్లో ఉంది గనుక చేతిలో రొక్కం లేదు. ఇద్దరూ షైలాక్ దగ్గరికి వస్తారు. షైలాక్ వెంటనే అవునని గానీ కాదని గానీ చెప్పడు. ‘మూడు వేల డకాట్లు’ అని ఒకసారి, ‘మూడు నెలలు’ అని ఒకసారి, నోట్లో మాట నానబెడుతూ ఉంటాడు. తరువాత ఆంటోనియో వైపు తిరిగి అంటాడు, నా మాటల్లో చెబుతున్నాను: అయ్యా, నడిబజారులో మీరు నన్ను ఎన్నిసార్లు తిట్టారు. కుక్క అన్నారు. నా అంగీ మీద ఉమ్మేశారు. నేను సహించి ఊరుకున్నాను, ఎందుకంటే ఓర్చుకోవడం మా జాతికి అలవాటైపోయింది. ఇప్పుడు మీకు నా సాయం కావలసివచ్చింది. కుక్క దగ్గర డబ్బుంటుందా? కుక్క మూడు వేల డకాట్లు అప్పివ్వగలదా?

అప్పు అడగడానికి వచ్చిన మనిషి దీనికి ఏమంటాడో ఊహించండి. ఆంటోనియో క్షమించమనడు. ఇకముందు కూడా నిన్ను అలాగే పిలుస్తాను, అలాగే ఉమ్ముతాను, మిత్రుడికి ఇస్తున్నట్లు ఇవ్వవద్దు, శత్రువుకు ఇస్తున్నట్లే ఇవ్వు అంటాడు.

ఇప్పుడు షైలాక్ ఏ షరతు మీద ఇచ్చాడో చూడండి. వడ్డీ లేకుండా ఇచ్చాడు. మళ్లీ చెబుతున్నాను: వడ్డీ లేకుండా ఇచ్చాడు. గడువు దాటితే ఆంటోనియో ఒంటి నుంచి పౌండు మాంసం అన్న షరతును వేడుకగా అన్నట్టు పత్రంలో చేర్చాడు గానీ, చిల్లి కాసు వడ్డీ అడగలేదు. ఏ పేరు వడ్డీకి మారుపేరైపోయిందో, ఆ మనిషి ఆ నాటకంలో మన కళ్ల ముందు ఇచ్చే ఒకే ఒక్క అప్పుకు వడ్డీ లేదు. అతను మామూలుగా వడ్డీ తీసుకునేవాడే, ఆ విషయం దాచడు కూడా. కానీ కథ నడిచేది వడ్డీ మీద కాదు, ఆ ఉమ్మి మీద.

గడువు దాటేలోగా షైలాక్ ఇంట్లో ఇంకొకటి జరుగుతుంది. కూతురు జెస్సికా ఒక క్రైస్తవ యువకుడితో వెళ్లిపోతుంది, వెళ్తూ డబ్బూ నగలూ పట్టుకుపోతుంది. వాటిలో ఒక ఉంగరం ఇచ్చి కోతిని కొన్నదని కబురు వస్తుంది. అది లియా అనే స్త్రీ, బహుశా అతని భార్య, పెళ్లికి ముందు అతనికి ఇచ్చిన ఉంగరం. అడవినిండా కోతులనిచ్చినా దాన్ని వదులుకునేవాణ్ణి కాదంటాడు. డబ్బు పిచ్చివాడి మాటలా ఇది? యూదుడికి కళ్లు లేవా, గుచ్చితే నెత్తురు కారదా అని అతను అడిగే ప్రసిద్ధమైన ప్రశ్నలు కూడా ఈ ఘట్టంలోవే.

గడువు దాటినా అప్పు తీరలేదు, ఆ తరువాతే కోర్టు. అసలుకు రెట్టింపు, ఆరు వేల డకాట్లు ఇస్తామంటారు. అక్కర్లేదంటాడు. ఆ ఆరు వేలలో ప్రతి డకాటూ ఆరు ముక్కలై, ప్రతి ముక్కా మళ్లీ ఒక డకాటైనా తీసుకోనంటాడు. పగబట్టాడు అనండి, క్రూరుడు అనండి, నేను కాదనను. కానీ డబ్బు వద్దన్నవాడి పేరును డబ్బాశకు గుర్తుగా వాడుతున్నాం. చివరికి మాంసం కోసుకో, నెత్తురు చుక్క రాలకూడదు అన్న తీర్పుతో అతను ఓడిపోతాడు, ఆస్తి మీద అధికారం పోతుంది, మతం మార్చుకోక తప్పదు.

చరిత్ర క్లుప్తంగా చెబుతాను. మధ్యయుగ ఐరోపాలో క్రైస్తవులు వడ్డీ తీసుకోవడాన్ని చర్చి నిషేధించింది. యూదులను చాలాచోట్ల భూమికీ, వృత్తి సంఘాలకూ దూరం పెట్టారు. మిగిలిన కొద్ది దారులలో ఒకటి అప్పులివ్వడం. ఆ దారిలోకి నెట్టినవాళ్లే తరువాత దాన్ని వాళ్ల స్వభావమన్నారు. 1290లో ఇంగ్లండు రాజు యూదులను దేశం నుంచి వెళ్లగొట్టాడు, 17వ శతాబ్దం మధ్యదాకా వారు అక్కడ బహిరంగంగా బతకలేకపోయారు. అంటే లండన్ ప్రేక్షకులలో చాలామందికి యూదుడంటే రంగస్థలం మీద కనిపించినవాడే. 1943లో, నాజీల పాలనలో ఉన్న వియన్నాలో, ఇదే నాటకాన్ని యూదుల మీద ద్వేషం పెంచే రీతిలో ప్రదర్శించారు. ఆ సంవత్సరం ఐరోపాలో యూదులకు ఏం జరుగుతున్నదో వేరే చెప్పనక్కరలేదు. ఈ పేరు వినగానే ఒక యూదుడికి ఎందుకు గుచ్చుకుంటుందో తెలియాలంటే ఈ ఒక్క ప్రదర్శన చాలు.

ఈ మాట అనేవారికి ఈ చరిత్ర తెలియకపోవచ్చు. 2014లో అమెరికా ఉపాధ్యక్షుడు జో బైడెన్ సైనికులను దోచుకునే అప్పులవాళ్లను ఈ మాటతోనే తిట్టి, విమర్శ రాగానే మాట ఎంపిక బాగాలేదని ఒప్పుకున్నారు. 2025లో అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ అదే మాట వాడి, దానికి యూదులను కించపరిచే అర్థం ఉందని తాను ఎప్పుడూ వినలేదన్నారు. కెన్యాలోనైతే లైసెన్సు లేని అప్పులవాళ్లకు ఇది బజారులో నలిగిన మామూలు మాట, అక్కడ చాలామందికి నాటకమే గుర్తు రాదు.

మనకు యూదులతో పని ఏమిటి అని మీలో ఎవరైనా అనుకోవచ్చు. ఇదే బాధ మన ఇంట్లోనూ ఉంది. కాళ్లకూరి నారాయణరావు గారి ‘చింతామణి’ నాటకంలోని సుబ్బిశెట్టి పాత్రను చూపించి తమను అవహేళన చేస్తున్నారని ఆర్యవైశ్యులు ఎంతోకాలం అభ్యంతరం చెప్పారు, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. నాటకాలను నిషేధించడం నాకు నచ్చదు, షేక్స్పియర్ నాటకాన్నయినా సరే, నారాయణరావు గారి నాటకాన్నయినా సరే. నాటకం ఆడనివ్వండి, చదవనివ్వండి, వాదించుకోనివ్వండి. కానీ నాటకంలోని పాత్ర నాటకంలో ఉండడం వేరు, ఆ పేరును బయటికి లాగి ఒక వృత్తికో, ఒక కులానికో, ఒక మతానికో తగిలించడం వేరు. మొదటిది సాహిత్యం, రెండవది తిట్టు.

ఇక రాసేవారికి, మాట్లాడేవారికి పనికొచ్చే విషయం ఒక్కటే చెబుతాను. ఎవరైనా అన్న మాటను యథాతథంగా ఉటంకిస్తున్నప్పుడు గానీ, నాటకం గురించి మాట్లాడుతున్నప్పుడు గానీ షైలాక్ అన్న పేరు తప్పదు, అక్కడ దాన్ని దాచవలసిన పని లేదు. మిగతాచోట్ల ‘వడ్డీ వ్యాపారి’ అంటే సరిపోతుంది. మరీ కోపం ఉంటే, ఆ కోపాన్ని పేరులో కాక వివరంలో పెట్టండి. నూటికి నెలకు పది రూపాయల వడ్డీ పుచ్చుకున్నాడని, ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టించుకున్నాడని, అసలు తీరినా బంగారం తిరిగి ఇవ్వలేదని, మనుషులను ఇంటి ముందు కూర్చోబెట్టాడని రాయండి. నెలకు పది రూపాయలంటే ఏడాదికి నూటికి నూట ఇరవై, ఆ లెక్క కూడా పక్కనే వేయండి. ఆ అంకె చూసిన పోలీసు అధికారికి గానీ, తహసీల్దారుకు గానీ ఏం చేయాలో తెలుస్తుంది, షైలాక్ అన్న మాట చూస్తే తెలియదు.

నమస్కారం.