పియానో నేర్చుకునే పిల్లలకు సంగీతం మీద ఇష్టం ఎక్కడ పుడుతుంది?

[తెర మీద: పియానో మెట్ల మీద ఒక చిన్న చెయ్యి. చూపుడు వేలు ఒక తెల్ల మెట్టును నొక్కుతుంది. వెనక వేరే సంగీతం లేదు.]

ఐదారేళ్ల పిల్లల్ని పియానో ముందు కూర్చోబెడితే మొదటి నిమిషంలోనే స్వరం పలికించేస్తారు. వయొలిన్ అలా కాదు, చెవికి ఇంపుగా ఒక్క స్వరం తియ్యాలన్నా చాలాకాలం తంటాలు పడాలి. వేణువుకైతే ముందు ఊదడం రావాలి. పియానోకి ఆ బాధ లేదు. మెట్టు నొక్కితే చాలు, శ్రుతిలో ఉన్న స్వరం వస్తుంది. పిల్లి నడిచినా వస్తుంది.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. స్వరం దానంతట అదే సరిగ్గా పలుకుతుంది కాబట్టి, అసలు వినకుండానే వాయించేయొచ్చు. కాగితం చూడటం, వేలు పెట్టడం, నొక్కడం, అంతే. ఏళ్ల తరబడి అలాగే వాయించి, పరీక్షలన్నీ పాసై, ఆ తర్వాత మూత వేసేసి మళ్లీ దాని వంక చూడని పిల్లలు ఉంటారు. వాళ్ల వేళ్లు నేర్చుకున్నాయి, చెవి నేర్చుకోలేదు. ఈ వీడియోలో ఎక్కువ భాగం ఆ చెవి గురించే.

[తెర మీద: పియానో మూత ఎత్తి లోపలికి. తీగలు, ఫెల్ట్ చుట్టిన సుత్తుల వరుస.]

ముందు లోపల ఏముందో చూద్దాం. మెట్లు 88. తెల్లవి 52, నల్లవి 36. తీగలు మాత్రం రెండు వందలకు పైనే ఉంటాయి, ఎందుకంటే మధ్య, పై స్వరాలకు ఒక్కోదానికి మూడేసి తీగలు బిగిస్తారు. మెట్టు నొక్కగానే ఒక చిన్న సుత్తి లేచి తీగను కొట్టి, మీ వేలు ఇంకా మెట్టు మీద ఉండగానే వెనక్కి పడుతుంది. సుమారు 1700లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బార్తొలొమియో క్రిస్టోఫోరి చేసిన ఏర్పాటు ఇది. అంతకు ముందున్న హార్ప్సికార్డ్ అనే మెట్ల వాద్యం తీగను మీటేది. ఎంత గట్టిగా నొక్కినా శబ్దం దాదాపు ఒకేలా ఉండేది. సుత్తి వచ్చాక, వేలి వేగాన్ని బట్టి శబ్దం తగ్గడం, పెరగడం మొదలైంది.

ఇది పిల్లలకు మాటల్లో చెప్పక్కర్లేదు. చేయించండి.

[తెర మీద: క్లోజప్. ఒక మెట్టు చాలా నెమ్మదిగా కిందికి దిగుతుంది. శబ్దం రాదు.]

ఒక మెట్టును వీలైనంత నెమ్మదిగా, అడుగు దాకా నొక్కమనండి. శబ్దమే రాదు. సుత్తికి తీగను చేరేంత ఊపు అందలేదు. పిల్లలకు ఇది గొప్ప ఆట. శబ్దం రాకుండా ఎంత వేగంగా నొక్కగలను, వచ్చీ రానట్టు ఎలా పలికించగలను అని వాళ్లే ప్రయోగాలు మొదలుపెడతారు.

ఇప్పుడు రెండోది. ఇలా శబ్దం లేకుండా నొక్కిన మెట్టును వదలకుండా పట్టుకోమనండి. సరిగ్గా ఒక స్థాయి (ఆక్టేవ్) కింద ఉన్న అదే స్వరాన్ని రెండో చేత్తో గట్టిగా కొట్టి వెంటనే వదిలేయమనండి.

[శబ్దం: కింది స్వరం టక్కున ఆగిపోతుంది. పై స్వరం సన్నగా మోగుతూనే ఉంటుంది.]

వినిపించిందా? ఎవరూ కొట్టని తీగ మోగుతోంది. మెట్టు నొక్కి ఉంచడం వల్ల దాని మీది డ్యాంపర్, అంటే తీగ మోగకుండా ఆపే మెత్తటి దిమ్మ, లేచి ఉంది. కింది తీగ కంపనంలో పై స్వరం కూడా కలిసి ఉంటుంది కాబట్టి, అది ఈ తీగను కదిలించింది. తీగలున్న మామూలు పియానో మీద ఇది బాగా తెలుస్తుంది, డిజిటల్ వాటిలో కొన్నిటిలోనే వస్తుంది. ఆ సన్నని మోత కోసం పిల్ల ఊపిరి బిగబట్టి చెవి ఒగ్గుతుంది చూశారూ, సంగీతం అక్కడ మొదలవుతుంది. మొదటి పాట తర్వాత సంగతి.

[తెర మీద: రెండు చేతులు, పై నుంచి.]

ఇక అసలు కష్టం. కుడి చెయ్యి బానే వస్తుంది. ఎడమ చెయ్యీ వస్తుంది. రెండూ కలపగానే అంతా గందరగోళం. కుడి చెయ్యి పైకి వెళ్తుంటే, ఒకే స్వరం మీద ఉండాల్సిన ఎడమ చెయ్యి కూడా కదిలిపోతుంది. పిల్ల చేతుల వంక కోపంగా చూస్తుంది. ఇంట్లోవాళ్లేమో "శ్రద్ధ పెట్టడం లేదు" అంటారు. శ్రద్ధ సంగతి కాదండీ అది. చిన్న వయసులో ఒక చెయ్యి చేసే పనిని రెండోది అనుకరించడం సహజం. రెంటినీ విడదియ్యడం మెదడుకు కొత్త పని, దానికి టైమ్ పడుతుంది.

హంగరీ స్వరకర్త బేలా బార్టోక్ పిల్లల కోసం 153 చిన్న రచనల్ని సులువైనవాటి నుంచి కష్టమైనవాటి దాకా వరుసగా పేర్చాడు. వాటిలో మొట్టమొదటివి చూస్తే, రెండు చేతులూ ఒకే బాణీ వాయిస్తాయి. ముందు కలిసి నడిచాకే విడిగా నడవడం. చాలామంది పిల్లలు మానేసేది సరిగ్గా ఈ మలుపులోనే. అప్పుడు చేయాల్సింది చిన్నదే: పాట మొత్తం కాకుండా రెండు మూడు బార్ల చిన్న ముక్క తీసుకోవడం, ఒక చేత్తో వాయిస్తూ రెండో చేతి భాగాన్ని నోటితో పాడటం, ఆ తర్వాత నత్తనడకన కలపడం. రోజుకు పావుగంట చాలు, కానీ రోజూ ఉండాలి. నిన్న రానిది ఇవాళ పొద్దున్న దానంతట అదే వచ్చేయడం మీరూ చూసే ఉంటారు. నేర్చుకున్న కదలికల్ని మెదడు నిద్రలో గట్టిపరుచుకుంటుంది. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కూర్చోబెడితే ఆ లాభం పోతుంది.

స్కేల్స్, అంటే స్వరాల్ని వరుసగా పైకీ కిందికీ వాయించే సాధన, అక్కర్లేదా అంటే, కావాలి. కొద్దిగా.

[తెర మీద: పాత సంగీత లిపి ఉన్న చేతిరాత పుట.]

పాడటం అన్నాను కదా, అది నా సొంత కనిపెట్టుడేం కాదు. 1720లో జర్మన్ స్వరకర్త బాఖ్ తన తొమ్మిదేళ్ల పెద్దకొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్ కోసం ఒక పాఠాల నోట్‌బుక్ మొదలుపెట్టాడు. అందులోని చిన్న రచనల్ని తర్వాత సరిచేసి, 1723లో ముందుమాటతో శుభ్రంగా రాశాడు. ఒకేసారి నడిచే రెండు బాణీల్ని స్పష్టంగా వాయించడం వీటితో వస్తుందని, అన్నిటికన్నా ముఖ్యంగా పాడినట్టు వాయించడం అలవడుతుందని అందులో చెప్పాడు. వేళ్ల వేగం గురించి మాటే లేదు.

మరో జర్మన్ స్వరకర్త షూమన్ 1848లో తన పెద్దమ్మాయి మారీ ఏడో పుట్టినరోజుకి కొన్ని చిన్న రచనలు రాసి ఇచ్చాడు. అవి పెరిగి 43 రచనల సంపుటి అయ్యాయి. నేర్చుకునేవాళ్ల కోసం కొన్ని సలహాలు కూడా రాశాడు. వాటిలో మొట్టమొదటిది ఇదే: చెవిని తీర్చిదిద్దుకోవడమే అన్నిటికన్నా ముఖ్యం.

పరీక్షలు వద్దని నేననను. గడువు ఉంటే కదిలే పిల్లలూ ఉన్నారు. కానీ మూడే మూడు పాటల్ని ఏడాదంతా అరగదీయిస్తే, పరీక్ష అయ్యాక ఆ మూడూ వినిపించినా చిరాకేస్తుంది. పక్కన నాలుగైదు సులువైనవి, వారంలో వచ్చేసేవి ఉండాలి. విన్న ట్యూన్‌ని మెట్ల మీద వెతుక్కునే తీరిక కూడా ఉండాలి. అలా వెతుక్కుంటుంటే మధ్యలో దూరి "హోంవర్క్ పాట వాయించు" అనకండి, దయచేసి. తప్పు స్వరం పడగానే ఎవరూ చెప్పకుండానే ఆగి, మొహం చిట్లించి, పక్క మెట్టు నొక్కి చూసుకుంటోంది అంటే చెవి వేళ్లకంటే ముందు నడుస్తోందన్నమాట. అక్కణ్ణించి ఇష్టాన్ని ఎవరూ నూరిపోయక్కర్లేదు.

మీకు సంగీతం రాకపోయినా పర్వాలేదు. "ఎంతసేపు వాయించావ్?" అని లెక్క అడిగే బదులు "ఇందులో నీకు బాగా నచ్చిన చోటు ఏది, వినిపించు" అనండి. జవాబు చెప్పాలంటే వినాలి కదా.

[తెర మీద: నల్ల మెట్లు మాత్రమే వెలుగులో.]

చివరిగా ఒకటి, ఈ రోజే చేసి చూడొచ్చు. నల్ల మెట్లు రెండు, మూడు చొప్పున గుంపులుగా ఉంటాయి. మూడింటి గుంపులో ఎడమ నుంచి మొదటిదాన్ని షడ్జం (స) అనుకుని నల్లవాటి మీదే పైకి వెళ్తే వచ్చేవి మోహన రాగం స్వరాలు. ఏ రెండు కలిసినా పెద్దగా గీసుకోవు. మీరు ఎడమ పక్కన కూర్చోండి. ఆ షడ్జాన్ని, దాని తర్వాతి రెండింటి గుంపులో మొదటి మెట్టును, అంటే పంచమాన్ని (ప), ఒకదాని తర్వాత ఒకటి నిదానంగా, ఒకే లయలో వాయిస్తూ ఉండండి. కుడి పక్కన పిల్లకో పిల్లాడికో ఒక్కటే నియమం: నల్లవి మాత్రమే. మిగతాది వాళ్లిష్టం. మొదట్లో ఊరికే బాదుతారు, బాదనివ్వండి. లయ మాత్రం తప్పకండి. కాసేపటికి మీ లయలోకి వాళ్లే వస్తారు. వాళ్లు చాలనే దాకా మీరు ఆపకండి.