చల్లారాక కొలిచిన షాఫ్టు: పనిచేస్తూ ఇంజనీరింగ్ డిగ్రీ చదవడం గురించి

సభకు నమస్కారం.

ఉద్యోగంలో అప్రెంటిస్‌గా ఉంటూనే ఇంజనీరింగ్ డిగ్రీ సంపాదించడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను ఇంజనీరునైంది ఆ దారిలోనే. తరువాత అదే దారిన వచ్చిన పిల్లలకు ఏళ్ల తరబడి పని నేర్పాను. నియమ నిబంధనల జోలికి వెళ్లేముందు ఒక షాఫ్టు సంగతి చెబుతాను.

అప్రెంటిస్‌గా నాకది రెండో ఏడు. 100 మిల్లీమీటర్ల వ్యాసం గల ఉక్కు షాఫ్టును, అంటే యంత్రంలో తిరిగే గుండ్రటి కడ్డీని, గ్రైండింగ్ చేసే పని, అంటే రాపిడి చక్రంతో కొలతకు అరగదీసే పని, అప్పగించారు. డ్రాయింగ్ ప్రకారం వ్యాసం 100.000 మిల్లీమీటర్లు దాటకూడదు, 99.978 కన్నా తగ్గకూడదు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. అంటే నాకున్న వెసులుబాటు 22 మైక్రాన్లు, తల వెంట్రుక మందంలో మూడో వంతు పాటి. షిఫ్టు ముగిసే వేళకు పని పూర్తయింది. సూక్ష్మ కొలతలు తీసే మైక్రోమీటరు పెట్టి చూస్తే 99.990. ఇంచుమించు నడిమధ్యన ఉంది. లాగ్‌బుక్‌లో రాసి, సంతకం పెట్టి, సంతోషంగా ఇంటికి వెళ్లాను. మరునాడు ఉదయం తనిఖీ విభాగం కొలిస్తే 99.960 వచ్చింది. షాఫ్టు తుక్కులోకి పోయింది.

ఫోర్‌మన్ నన్ను తిట్టలేదు. "చల్లారాక కొలవాలి" అన్నాడు, అంతే. చల్లబరిచే ద్రవం, కూలెంటు, సరిగా పారడం లేదని, షాఫ్టు వేడెక్కిందని నేను గమనించలేదు. చేతికి వెచ్చగా తగిలిన సంగతి గుర్తుంది గాని, ఆ వెచ్చదనానికీ నా కొలతకూ సంబంధం ఉందని తట్టలేదు.

రెండు రోజుల తరువాత, వారానికొకసారి వచ్చే నా కళాశాల రోజు. పదార్థ శాస్త్రం తరగతిలో అధ్యాపకుడు ఉష్ణ వ్యాకోచం పాఠం మొదలుపెట్టారు. ఉక్కు ఒక్కో డిగ్రీకి తన పొడవులో పది లక్షల్లో 12 వంతులు పెరుగుతుందని బోర్డు మీద రాశారు. ప్రపంచమంతటా పారిశ్రామిక కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ అని కూడా చెప్పారు. నేను పుస్తకం అంచున లెక్క వేసుకున్నాను. షాఫ్టు 45 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే తేడా 25 డిగ్రీలు. 25ను పది లక్షల్లో 12 వంతులతోనూ, 100 మిల్లీమీటర్లతోనూ గుణిస్తే 0.030 మిల్లీమీటర్లు, అంటే 30 మైక్రాన్లు. 99.990లో నుంచి 0.030 తీసేస్తే మిగిలేది 99.960. తనిఖీ వాళ్లు కొలిచిన సంఖ్య అదే.

ఆ క్షణంలో నా ఒళ్లు జలదరించింది. అతిశయోక్తిగా చెప్పడం లేదు. పదో తరగతి నుంచి ఆ సూత్రం నాకు తెలుసు. పరీక్షల్లో దాని మీద మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ అది నా చేతుల్లో ఉన్న వస్తువు గురించి మాట్లాడుతున్నదని ఆ రోజు వరకు తెలియదు. మళ్లీ కర్మాగారానికి వెళ్లగానే ఫోర్‌మన్‌ను అడిగాను: అల్యూమినియమైతే దాదాపు రెట్టింపు కుంచించుకుపోవాలి కదా అని. ఆయన నా వైపు వింతగా చూసి, "అల్యూమినియంతో ఇంకా జాగ్రత్తగా ఉండాలని నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. ఎందుకో ఇవాళ తెలిసింది" అన్నాడు.

నేను చెప్పదలచిన మాట ఇక్కడే ఉంది. ఫోర్‌మన్ దగ్గర నియమం ఉంది, అధ్యాపకుడి దగ్గర కారణం ఉంది. వాళ్లిద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు. వాళ్ల మధ్య తిరిగే అప్రెంటిస్ తలలోనే ఆ రెండూ కలుసుకున్నాయి, అదీ ఒకే వారంలో, ఆ పొరపాటు ఇంకా మండుతుండగానే. ఈ రకం చదువుకు ఉన్న అసలు బలం అదేనని నా నమ్మకం. జీతం వస్తుంది, అప్పు ఉండదు అని అందరూ చెబుతారు. నిజమే, కుటుంబాలకు అది చిన్న విషయం కాదు. కానీ ఆ లాభం నాలుగైదేళ్లలో ముగిసిపోతుంది, ఇది ముగియదు.

ఇప్పుడు ఈ పద్ధతి ఏమిటో చెబుతాను. డిగ్రీ అయ్యాక ఏడాది పాటు చేసే అప్రెంటిస్‌షిప్ వేరు, అప్రెంటిస్‌షిప్ ద్వారానే డిగ్రీ తెచ్చుకోవడం వేరు. రెండోదాంట్లో మీరు మొదటి రోజు నుంచే సంస్థ ఉద్యోగి. ఒప్పందం ఉంటుంది, నెలనెలా వేతనం వస్తుంది. చదువు ఖర్చు మీ మీద పడదు. చివర చేతికొచ్చేది పూర్తి విశ్వవిద్యాలయ డిగ్రీ.

ఇది కొత్త ఆలోచన కాదు. 19వ శతాబ్దం తొలినాళ్లలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే నడిపిన కర్మాగారాన్ని తలచుకోండి. ఆయన పన్నెండేళ్ల వయసులో వూలిచ్ ఆయుధాగారంలో పనికి కుదిరినవాడు. ఆయన బల్ల మీద ఒక మైక్రోమీటరు ఉండేది. కొలతల్లో తగవు వస్తే దాని తీర్పే ఆఖరు కనుక దానికి లార్డ్ చాన్సలర్ అని, అంటే ఆనాటి ఇంగ్లండ్‌లో పెద్ద న్యాయాధికారి పదవి పేరు, పెట్టాడు. తరువాత పేరుపొందిన ఇంజనీర్లు జోసెఫ్ విట్‌వర్త్, జేమ్స్ నాస్మిత్ వంటి వారు ఆ కర్మాగారంలో పనిచేసి రాటుదేలారు. అప్పట్లో ఇంజనీరు తయారయ్యేది అలాంటి చోట్లే. తరువాత విజ్ఞానం పెరిగింది, గణితం పెరిగింది, చదువు తరగతి గదిలోకి మారింది. మారక తప్పదు కూడా. ఆవిరి యంత్రాన్ని చూసినంత మాత్రాన ఉష్ణగతిక శాస్త్రం బోధపడదు. కానీ మారేటప్పుడు చేతిపనిని గడప బయటే వదిలేశారు.

ఆ గడప దాటించే ప్రయత్నం చేసినవారిలో నాకు బాగా నచ్చే వ్యక్తి హెర్మన్ ష్నైడర్. 1906లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో 27 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. వారిని రెండు జట్లు చేశాడు. ఒక జట్టు ఈ వారం తరగతిలో ఉంటే మరో జట్టు కర్మాగారంలో ఉంటుంది, వచ్చే వారం తారుమారు. యంత్రం దగ్గర స్థానం ఖాళీ కాదు, తరగతిలో బల్లా ఖాళీ కాదు. ఎంత సులువైన ఏర్పాటో చూడండి. జర్మనీలోని బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం 1974లో స్టుట్‌గార్ట్, మాన్‌హైమ్ నగరాల్లో ఇలాంటి విద్యాలయాలను తెరిచింది. అవి 2009లో విశ్వవిద్యాలయ హోదా పొందాయి. అక్కడ మూడు నెలలు చదువు, మూడు నెలలు పని. మూడేళ్లూ సంస్థే వేతనం ఇస్తుంది. ఇంగ్లండ్‌లో డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌లు 2015లో వచ్చాయి. 2017 నుంచి అక్కడి పెద్ద యజమానులు తమ జీతాల మొత్తం మీద 0.5 శాతం సుంకం కడుతున్నారు, అప్రెంటిస్‌ల శిక్షణకు ఆ నిధిని వాడుకోవచ్చు.

వారానికొక రోజు చదువు మేలా, నెలల తరబడి చదువు మేలా అని నన్ను తరచూ అడుగుతారు. మొదటి ఏడాది గణితానికి నెలల పద్ధతే మేలంటాను. అవకలన సమీకరణాలు వారానికొకసారి పలకరిస్తే లొంగవు. ఆ తరువాతి ఏళ్లకు వారం పద్ధతే నాకు ఇష్టం. నా షాఫ్టు కథ మూడు నెలల ఎడంతో జరిగి ఉంటే, అధ్యాపకుడు బోర్డు మీద సూత్రం రాసేనాటికి నా పొరపాటు చల్లబడిపోయి ఉండేది.

కష్టాల గురించి దాచకుండా చెప్పాలి. రెండో ఏడాదిలో గోడ ఎదురవుతుంది. పొద్దున ఆరింటికి షిఫ్టు, సాయంత్రం అలసట, రాత్రి కంట్రోల్ సిద్ధాంతం. పూర్తికాలం కళాశాలలో చదివే మీ స్నేహితులు సెలవుల్లో ఉన్నప్పుడు మీరు యంత్రం ముందు ఉంటారు. నా చేతి కింద పనిచేసిన ఒక అమ్మాయి వెల్డింగులో, డ్రాయింగు చదవడంలో అందరికన్నా ముందుండేది. గణితంలో రెండుసార్లు తప్పింది. మానేస్తానని వచ్చింది. ఆమెకు తెలివి తక్కువ కాదు, సమయం తక్కువ. చదువు రోజున ఆమెను పనికి పిలుస్తున్నారు. అత్యవసరం అని ఒకసారి, మనుషులు లేరని మరోసారి. ఏడు వారాల్లో నాలుగు తరగతులు పోయాయి.

అది చూసి నాకు పట్టరాని కోపం వచ్చింది, ఇప్పటికీ వస్తుంది. చదువు గంటలను తినేసే సంస్థ అప్రెంటిస్‌ను తయారు చేయడం లేదు, చవకగా దొరికిన కూలిని వాడుకుంటోంది. ఇంగ్లండ్ నిబంధనల్లో 2022 నుంచి 2025 వరకు పూర్తికాలపు అప్రెంటిస్‌కు వారానికి సగటున కనీసం 6 గంటలు రోజువారీ పని నుంచి తప్పించి, ఆ సమయాన్ని జీతంతోనే శిక్షణకు కేటాయించాలని ఉండేది. అలాంటి నియమం కాగితం మీద ఉండటం అవసరమే. దాన్ని కాపాడే మనిషి ఒకరు సంస్థలో ఉండటం అంతకన్నా అవసరం. ఆ అమ్మాయి చదువు రోజు ముట్టుకోవద్దని నేను పట్టుబట్టాను. మరుసటి ప్రయత్నంలో ఆమె పాసైంది.

ఇంకో లోటు ఉంది. ఒకే సంస్థలో పెరిగినవారికి ఆ సంస్థ అలవాట్లే ఇంజనీరింగ్ అనిపిస్తాయి. పంపులు చేసే చోట నాలుగేళ్లు ఉంటే లోకమంతా పంపులే అనిపిస్తుంది. అందుకే విభాగాలు మార్చే సంస్థను ఎంచుకోండి: డిజైను, తయారీ, తనిఖీ, నిర్వహణ. ఏ శాఖ తీసుకోవాలో ఇంకా తేలనివారికి, పరిశోధన వైపు మనసున్నవారికి పూర్తికాలం కళాశాలే మంచిదని నా అభిప్రాయం. ఈ దారి మొదటి రోజే ఒక నిర్ణయం అడుగుతుంది.

సంతకం పెట్టేముందు ఒప్పందం మొత్తం చదవండి, తల్లిదండ్రులూ పక్కన కూర్చుని చదవండి. మధ్యలో సంస్థ మూతపడితే మీ చదువు ఏమవుతుంది? మీరు మానేస్తే ఫీజు తిరిగి కట్టమంటారా? డిగ్రీ అయ్యాక ఎన్నేళ్లు అక్కడే ఉండాలి? ఆ డిగ్రీకి ఇంజనీరింగ్ గుర్తింపు సంస్థ ఆమోదం ఉందా? 1989లో మొదలైన వాషింగ్టన్ ఒప్పందం కింద సభ్య దేశాలు పరస్పరం గుర్తించుకునేది అలా ఆమోదం పొందిన డిగ్రీలనే. రేపు మీరు వేరే దేశంలో పనిచేయాలనుకుంటే ఈ ఒక్క ప్రశ్న మీకు అడ్డం రావచ్చు, అండగానూ ఉండవచ్చు.

చివరగా, ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు చేయవలసిన పని ఒకటి. వాళ్లు మిమ్మల్ని ప్రశ్నలు అడగడం అయ్యాక, మూడో ఏడాది అప్రెంటిస్ ఒకరితో పది నిమిషాలు మాట్లాడతానని అడగండి. ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు. ఒప్పుకుంటే, ఆ అబ్బాయినో అమ్మాయినో జీతం ఎంత అని అడగవద్దు. పోయిన వారం చదువు రోజున ఎక్కడ ఉన్నావు, ఏం నేర్చుకున్నావు అని అడిగి, జవాబు పూర్తిగా వినండి.