క్లిక్ చేసినవారి పేరు ఎవరికి తెలియాలి?

తమ్ముడు: విశాఖపట్నం నుంచి మాట్లాడుతున్న మన పాడ్‌కాస్ట్‌కు స్వాగతం. ఉద్యోగులకు సైబర్ భద్రతపై ఏడాది పొడవునా సాగే శిక్షణను ఎలా రూపొందించాలన్నది నేటి అంశం. హార్బర్ ప్రాంతంలో కస్టమ్స్ క్లియరెన్స్ పనులు చూసే ఒక కార్యాలయం నుంచి శ్రోత ఒకరు ఈ ప్రశ్న పంపారు. అక్కా, మొదలుపెడదామా?

అక్క: మొదలుపెడదాం. అయితే మోసం జరిగిన మొదటి గంట గురించి చెప్పకుండా మాత్రం నేను ఉండలేను.

తమ్ముడు: అది మన శ్రోతలకు ముందే తెలుసు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో వెలువరించిన శిక్షణ మార్గదర్శకాన్ని 2024లో సవరించింది. ఎవరి బాధ్యతకు తగిన శిక్షణ వారికి ఇస్తూ, ప్రవర్తనలో వచ్చిన మార్పును కొలుస్తూ, కార్యక్రమాన్ని ఎప్పటికప్పుడు దిద్దుకోవాలన్నది దాని సారం. ఈ కార్యాలయంలో అకౌంట్స్ వారికి ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అనే మెయిళ్ల గురించి, డాక్యుమెంటేషన్ వారికి బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడలో ఎక్కించిన సరుకుకు ఇచ్చే రసీదు) పేరుతో వచ్చే అటాచ్‌మెంట్ల గురించి వేర్వేరుగా చెప్పాలి. ఆ తరువాత మనమే నకిలీ మెయిళ్లు పంపి, ఎవరు క్లిక్ చేస్తారో పరీక్షించాలి.

అక్క: అక్కడే ఆగు. ఎవరిని పరీక్షించడానికి?

తమ్ముడు: స్టీల్ ప్లాంటులో మాక్ డ్రిల్ చేస్తారు కదా, ఇదీ అలాంటిదే.

అక్క: మాక్ డ్రిల్‌లో ఆలస్యంగా బయటికి వచ్చినవాడి పేరు నోటీసు బోర్డు మీద అంటించరు. 2020 డిసెంబరులో వెబ్‌సైట్ పేర్లు అమ్మే గోడాడీ సంస్థ 650 డాలర్ల పండుగ బోనస్ ఇస్తామంటూ ఉద్యోగులకు మెయిల్ పంపి, నమ్మి వివరాలు నింపినవారికి పరీక్షలో తప్పారని చెప్పి, తరువాత క్షమాపణ కోరవలసి వచ్చింది. కరోనా ఏడాదిలో బోనస్ కోసం ఆశపడిన మనిషిని అలా పట్టుకుంటే, రేపు నిజమైన మోసం ఎదురైనప్పుడు అతడు నోరు విప్పుతాడా?

తమ్ముడు: ఎర తప్పుగా ఎంచుకున్నంత మాత్రాన పరీక్షే తప్పు కాదు. డెమరేజ్ (సరుకును సమయానికి తీసుకెళ్లనందుకు కట్టే రుసుము) బకాయి ఉందంటూ మెయిల్ పంపితే అది వారి రోజువారీ పనికి దగ్గరగా ఉంటుంది, ఎవరి మనసూ నొప్పించదు. కొలవకుండా శిక్షణ ఫలించిందని ఎలా చెప్పగలం?

అక్క: కొలవాలి, కానీ ఏది కొలుస్తున్నామన్నదే ప్రశ్న. 14,000 మందికి పైగా ఉద్యోగులను 15 నెలలు పరిశీలించి జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ఒక అధ్యయనం ప్రకటించారు. నకిలీ మెయిల్‌ను క్లిక్ చేసిన వెంటనే చూపించే పాఠం వల్ల ఉద్యోగుల్లో జాగ్రత్త పెరగలేదని తేలింది. అదే అధ్యయనంలో, అనుమానం కలిగిన మెయిల్‌ను ఉద్యోగులే బటన్ నొక్కి తెలియజేసే ఏర్పాటు మాత్రం చక్కగా పనిచేసింది. అందుకే ఎందరు క్లిక్ చేశారన్నది కాదు, మొదటి రిపోర్టు ఎన్ని నిమిషాల్లో వచ్చిందన్నది కొలవమంటాను.

తమ్ముడు: మొదటి గంటకే వచ్చారు.

అక్క: రాక తప్పదు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సంఘటన తన దృష్టికి వచ్చిన ఆరు గంటల్లో సంస్థ దానిని సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి. డబ్బు పోయిందంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఎంత త్వరగా ఫోన్ చేస్తే, అది చేతులు మారకముందే ఖాతాల్లో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువగా ఉంటుంది. ఉద్యోగి భయంతో సాయంత్రం దాకా దాచిపెడితే ఆ అవకాశం చేజారిపోతుంది.

తమ్ముడు: భయం ఉండకూడదన్న మాటను ఒప్పుకుంటాను. అయితే అక్షరదోషాలు చూసి మోసాన్ని కనిపెట్టమనే పాత పాఠాన్ని కూడా తీసేయాలి. కంబోడియా వ్యవహారం తరువాత ఆ పాఠం చెప్పడానికి నాకు మనసు రావడం లేదు.

అక్క: అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్లిన మన పిల్లల చేత అక్కడ బలవంతంగా సైబర్ మోసాలు చేయించారని 2024 మేలో మన నగర పోలీసులు బయటపెట్టారు.

తమ్ముడు: మోసం చేయించేది మన పిల్లల చేతే అయినప్పుడు, ఫోన్‌లో మంచి తెలుగు వినిపించిందని నమ్మడానికి వీల్లేదు. ముఖం చూసి నమ్మడానికీ వీల్లేదు. 2024లో వెలుగులోకి వచ్చిన హాంకాంగ్ కేసులో, వీడియో కాల్‌లో కనిపించిన అధికారులు కృత్రిమంగా సృష్టించినవారని తెలియక, అరప్ అనే ఇంజనీరింగ్ సంస్థ ఉద్యోగి దాదాపు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపించేశారు. ఖాతా మారిందని ఎవరు చెప్పినా, మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు మనమే ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి. యజమాని తొందరపెట్టినా ఈ నియమం సడలకూడదు.

అక్క: యజమాని తొందరపెట్టినా ఆగే హక్కు గుమాస్తాకు ఉందని ఆ యజమానే అందరి ముందూ చెప్పాలి. ఆ మాట లేని శిక్షణ నాకు శిక్షణగా కనిపించదు.

తమ్ముడు: అది మొదటి రోజే చెప్పించాలి. కానీ పదే పదే క్లిక్ చేసేవారికి విడిగా సాయం చేయాలంటే వారి పేర్లు ఎవరికో ఒకరికి తెలియాలి కదా?

అక్క: శిక్షణ ఇచ్చేవారికి తెలిస్తే చాలు. ఇంక్రిమెంట్లు నిర్ణయించేవారికి తెలియకూడదు.

తమ్ముడు: చిన్న కార్యాలయాల్లో ఆ ఇద్దరూ ఒకరే అయి ఉంటారు, అక్కా.

అక్క: అయితే పేర్లు రాసుకోవద్దు.

తమ్ముడు: దానికి నేను ఒప్పుకోను. పాస్‌వర్డుల గురించి, ఏడాది క్యాలెండర్ గురించి మాట్లాడనే లేదు. ఆ రెండూ వచ్చే వారం మాట్లాడుకుందాం.

అక్క: పేర్ల సంగతి తేలాకే.